నది వంపులో లేచిన వాన

నది వంపు
ఆసుపత్రి క్వార్టర్సు, మేడ మీది వాటా

పొట్టికి,

అన్నయ్య రాస్తున్నాడు. ఇల్లు సర్దడం అయిపోయింది. అంటే మీ వదిన సర్దేసింది. నేను పుస్తకాల పెట్టెలు విప్పుతానని చెప్పి వాటి మీదే కూర్చుని టీ తాగుతున్నాను. ఇక్కడి ఆసుపత్రిలో పెద్ద నర్సు పని ఆవిడకు మొదటి రోజు నుంచే ఊపిరాడనివ్వడం లేదు. నాకేమో పొద్దున్నే లేచి వెళ్లాల్సిన చోటు లేదు. రిటైరైన విలేకరికి పేపరు చదవడం తప్ప పేపరుతో వేరే సంబంధం ఉండదని ఇప్పుడే అర్థమవుతోంది.

అందుకని రోజూ నది దగ్గరికి పోతున్నాను. మా వీధి చివర మెట్లున్నాయి, మెట్ల కింద పడవల రేవు, రేవులో టికెట్ గది. అవతలి ఒడ్డుకు పగలంతా మోటారు పడవలు తిరుగుతుంటాయి. రేవు నుంచి కాస్త ఎగువకు నడిస్తే నది వంపు తిరుగుతుంది. అక్కడ నడిమధ్య పొడుగాటి ఇసక మేట. చలి పోయి ఎండ ముదరని ఈ రోజుల్లో, ఉత్తరానికి తిరిగి వెళ్లే పక్షులు ఆ మేట మీద దిగి ఒంట్లో సత్తువ కూడగట్టుకుంటాయట. ఈ మాట చెప్పింది టికెట్ల ఆయన.

వాటి పేర్లు నాకు తెలియవు, చూసింది చెబుతాను. ఎక్కువ భాగం బూడిదరంగు పెద్ద బాతులు, తల వెనక రెండు నల్ల చారలుంటాయి. తోక సూదిలా సాగినవి కొన్ని. బురద అంచున ముక్కు గుచ్చుకుంటూ పరిగెత్తే చిన్నవాటిని ఉల్లంకులంటారని టికెట్ల ఆయనే చెప్పాడు. మొదటి రోజు దూరం నుంచి చూసి మేట మీద గడ్డి పెరిగిందనుకున్నాను. ఆ గడ్డి లేచి నాలుగడుగులు పక్కకు నడిచింది.

డెస్కులో ఉన్నప్పుడు ఎవరి వార్తలోనైనా 'అద్భుతం' అన్న మాట కనబడితే కొట్టేసేవాణ్ణి. ఏం జరిగిందో రాయి, అద్భుతమో కాదో చదివేవాడు చూసుకుంటాడు అనేవాణ్ణి. ఇప్పుడు ఆ రూలు నాకూ వర్తిస్తుంది.

ఇంకో సంగతి. మొన్న మా పాత పేపర్లో 'గుట్ట మీది నుంచి గొడుగు కబురు' అని ఒక వార్త వచ్చింది. భారీ వర్షమని మీ స్టేషన్ హెచ్చరించిందనీ, రేవులన్నీ మూశారనీ, చుక్క కూడా పడలేదనీ వెక్కిరిస్తూ రాశారు. రాసినవాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే, ఆ వెటకారం నాకు తెలుసు. ఆ సాయంత్రం మీ రాడార్ దగ్గర ఎవరున్నారు? విలేకరిగా అడగడం లేదు.

మీ వదిన నీ ఆరోగ్యం అడుగుతోంది.

అన్నయ్య

*

గుట్ట మీద
రాడార్ స్టేషన్

అన్నయ్యా,

ఉత్తరం అందింది. పెట్టెల మీద నుంచి లేచి వదినకు కాస్త సాయం చెయ్యి.

విలేకరిగా అడగడం లేదని విలేకరులే అంటారు. డ్యూటీలో మాలో ఒకరున్నారు. పేరు చెప్పను, స్టేషన్ మర్యాద అనేది ఒకటుంది. మా పెద్దసారు గురించి నీకు తెలుసుగా, ఏది అడిగినా 'చూద్దాం' అంటారని ఇక్కడందరూ ఆయన్ను చూద్దాంగారు అంటారు. ఆయన ఆ ఒకరిని సంజాయిషీ అడిగారు. పై ఆఫీసు నుంచి కూడా గట్టిగానే అక్షింతలు పడ్డాయి. ఇంకొక్క తప్పుడు హెచ్చరిక వెళ్తే రాడార్ మీది నుంచి తీసేసి ఫైళ్ల సెక్షన్‌లో వేస్తారు.

నువ్వు ఒక వైపే చదివావు కాబట్టి రెండో వైపు కూడా చెబుతాను. పోయిన వసంతంలో ఇదే స్టేషన్ నుంచి హెచ్చరిక ఆలస్యంగా వెళ్లింది. అప్పటికే గాలివాన అందుకుని ఒక రేవులో పడవ తలకిందులైంది. అందరూ ఈదుకుని ఒడ్డెక్కారు, అది వేరే సంగతి. ఆవిడ ఆ పడవను మర్చిపోలేదు. అందుకే ఈసారి తెర మీద మరక కనబడగానే ముందు రేవులకు ఫోన్ చేసి తర్వాత మిగతావి చూసుకుంది. తప్పంటే తప్పే. కానీ వెక్కిరించేంత తప్పు కాదు.

ఇంతకీ ఆ సాయంత్రం మీ నది మీద ఆకాశం ఎలా ఉంది? ఊరికే అడుగుతున్నా.

పొట్టి

*

నది వంపు
మేడ మీది వాటా

అమ్మాయీ,

'మాలో ఒకరు' అని మొదలుపెట్టి కిందికి వచ్చేసరికి 'ఆవిడ' అన్నావు. మీ స్టేషన్‌లో రాడార్ ముందు కూర్చునే ఆడమనిషివి నువ్వొక్కదానివే. ఇక 'ఊరికే అడుగుతున్నా' సంగతి. మనింట్లో ఎవరూ ఎప్పుడూ ఏదీ ఊరికే అడగలేదు. నేను దాని గురించి ఇంకేమీ అనను. నువ్వు చెప్పాలనుకున్నప్పుడు చెప్పు.

అడిగిన దానికి జవాబు. ఆకాశం ఖాళీగా ఉంది. మబ్బు తునక లేదు. అయితే ఇది నా కళ్లతో చూసింది కాదు, ఇద్దరు చెప్పింది. ఆ వేళకు నేను ఇంట్లో ఉన్నాను. రేవులో మైకులో వాన హెచ్చరిక చెప్పగానే ఒడ్డు మీదున్న జనమంతా ఇళ్లకు పోయారు. నేనూ వచ్చి కిటికీలు బిగించుకుని పేపరు పట్టుకున్నాను. చెల్లెలి స్టేషన్ వాన పడుతుందంటే నమ్మేవాళ్లలో నేను మొదటివాణ్ణి.

మీ వదిన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. డాబా మీద ఆరేసిన దుప్పట్లు తడుస్తాయని పరిగెత్తింది. కాసేపటికి దుప్పట్లు లేకుండా దిగి వచ్చి, "ఏమండీ, మేట లేచిపోతోంది" అంది.

"వరదా?" అన్నాను, పేపరు దించకుండా.

"కిందికి కాదు. పైకి."

నేను చెప్పులు వెతుక్కుని డాబా ఎక్కేసరికి ఉత్తరాన, పొద్దు పోయిన వెలుగులో, సన్నటి గీతలు నాలుగైదు కనబడ్డాయి. వెళ్లే గుంపుల్లో చివరిది. పొద్దున పోయి చూస్తే మేట సగానికి సగం ఖాళీ. ఆ సాయంత్రం పడవలు కట్టేయడానికి రేవులో మిగిలిన టికెట్ల ఆయన్ను అడిగాను. మైకులో హెచ్చరిక చెప్పేటప్పటికే మొదటి గుంపులు మేట అవతలి కొసన, ఒడ్డు మీది జనానికి కనబడని వైపు, లేచాయట. పొద్దు చెట్ల మీదికి వాలినప్పటి నుంచి చీకటి పడేదాకా గుంపు తర్వాత గుంపు లేస్తూనే ఉన్నాయన్నాడు. నది మీద విచ్చుకుని, పైకెక్కి, ఉత్తరానికి తిరిగాయట. మీ వదిన చెప్పిందీ ఆయన చెప్పిందీ సరిపోయాయి.

సంఘటన జరిగిన చోటే ఉండి దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఒడ్డు మీది జనమంతా అంతే. రాని వానకు భయపడి అందరం తలుపులు వేసుకున్నాం. అంత పెద్ద ప్రయాణాన్ని దుప్పట్లకు వెళ్లిన ఒక మనిషీ, పడవలు కట్టే ఒక మనిషీ చూశారు.

నీ హెచ్చరికకూ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. రెండూ ఒకే సాయంత్రం జరిగాయి. పక్కపక్కన పెడుతున్నాను, అంతే.

అన్నయ్య

*

గుట్ట మీద
రాడార్ స్టేషన్

అన్నయ్యా,

అవును, నేనే.

నీ ఉత్తరం మెస్‌లో నిలబడే చదివి, పళ్లెం అక్కడే వదిలేసి రాడార్ గదికి పోయాను. ఆ గది ఎప్పుడూ చీకటిగా ఉంటుంది. గుండ్రటి తెర, దాని మీద గడియారం ముల్లులా తిరిగే పచ్చటి గీత. గీత దారిలో గాల్లో ఏది అడ్డొచ్చినా అక్కడ ఒక చుక్క వెలిగి మెల్లగా ఆరిపోతుంది. కొండల చుక్కలు కదలవు. వాన మామూలుగా తెర అంచు నుంచి లోపలికి వస్తుంది. కానీ ఎండలు మొదలయ్యే ఈ రోజుల్లో ఒక్కోసారి సాయంత్రం మబ్బు ఉన్నచోటే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే కురుస్తుంది. పోయినేడు పడవను తిరగేసింది అలాంటిదే.

ఆ సాయంత్రం నది వంపు దగ్గర ఒక చుక్క పుట్టింది. గీత ఒక చుట్టు తిరిగొచ్చేసరికి పెసరగింజంత. ఇంకో చుట్టుకు నాణెమంత. ఆ తర్వాత మధ్యలో పల్చబడి అంచులు విచ్చుకుంటూ, నీళ్లలో రాయేస్తే పుట్టే వలయంలా, ఉత్తరానికి సాగుతూ వచ్చింది. యాంటెన్నా పైకెత్తి దాని ఎత్తు చూడాలి, అది పద్ధతి. నేను ముందు ఫోన్ ఎత్తాను.

అది మీ మేట అన్నయ్యా. మేట మొత్తం నా తెర మీదికెక్కింది.

పక్షులు రాడార్ మీద కనబడతాయని మాకు తెలియక కాదు. శిక్షణలో దాని గురించి ఒక పేరా ఉంటుంది. వాన కానిదాన్నంతా మేం చెత్త అంటాం. చెత్తను వదిలేసి వానను చూడటమే మా పని. ఎన్నో సాయంత్రాలు అక్కడక్కడ వెలిగిన చుక్కల్ని చెత్త అనుకుని వదిలేశాను. కానీ చెత్త ఇంత పెద్దగా, ఇంత ఒద్దికగా, తనకు వెళ్లాల్సిన చోటు తెలిసినట్టు కదలడం ఎప్పుడూ చూడలేదు. అందుకే వాన అనుకున్నాను. ఒక నదంత ప్రాణం నా కళ్ల ముందు లేచి నడిచిపోతుంటే, జనానికి గొడుగులు తీసుకోమని చెప్పాను.

చూద్దాంగారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీ వదినగారి దుప్పట్ల కథ పై ఆఫీసుకు ఎలా పంపనమ్మా?" అన్నారు. అయినా కొట్టిపారేయలేదు. మిగతా సగం ఇంకా వెళ్లలేదు కదా. అవి లేచేటప్పుడు ఇక్కడ తెర మీదా అక్కడ కళ్లతోనూ ఒకేసారి చూస్తే, అప్పుడు నమ్ముతానన్నారు. నిన్ను నది పరిశీలకుడిగా రాసుకున్నారు. రేవు టికెట్ గదిలో ఫోన్ ఉందటగా. రోజూ పొద్దుగుంకాక అక్కడి నుంచి మాకు ఒక్క వాక్యం చెప్పాలి. స్టేషన్ ఫోన్ వాతావరణానికే గానీ కుటుంబానికి కాదు కాబట్టి, వదిన వండిన కూర గురించి మొదలుపెడితే లైను కట్ చేస్తానన్నారు.

చేస్తావా?

పొట్టి

*

నది వంపు
మేడ మీది వాటా

పొట్టీ,

చేస్తాను. నాకు మళ్లీ ఉద్యోగం ఇచ్చినందుకు మీ చూద్దాంగారికి నమస్కారాలు చెప్పు. మీ వదిన వీధిలో అందరికీ, "మా ఆయన బాతుల్ని ఇంటర్వ్యూ చేస్తున్నారు, అవే ఇంకా నోరు విప్పలేదు" అని చెబుతోంది.

ఒక పద్ధతి పెట్టుకుందాం. మా వృత్తిలో, చెప్పడానికి వార్త లేకపోయినా సాయంత్రం ఆఫీసుకు ఫోన్ చేసి 'నిల్' అని చెప్పి పెట్టేయాలి. ఏమీ జరగలేదని తెలియడం కూడా డెస్కుకు అవసరమే. ఫోన్ రాకపోతే అక్కడివాళ్లకు గాభరా పుట్టేది, మనిషి ఏ వార్తలో ఇరుక్కున్నాడో అని. నేను నిల్ ఎప్పుడూ తప్పలేదు. ఊళ్లో అల్లర్లు జరిగినప్పుడు పోలీసు గదిలోంచి చెప్పాను. జ్వరంతో పడి ఉన్నప్పుడు మీ వదిన చేత చెప్పించాను. కాబట్టి రోజూ నా నిల్ వస్తుంది. పక్షులు లేచిన రోజు మాత్రం 'లేచాయి' అంటాను.

ఇవాళ్టికి చూసింది ఇది. అవి ఎప్పుడూ గాలికి ఎదురు ముఖం పెట్టి నిలబడతాయి. గాలి వెనక నుంచి వస్తే ఈకలు చెదురుతాయి కాబోలు. మధ్యాహ్నం గాలి పడమటి నుంచి ఉత్తరానికి తిరిగింది. అప్పుడు మేట మీదున్న ఒక్కొక్కటీ, తొందర లేకుండా, తన చోటు వదలకుండా, ముఖం తిప్పుకుంది. కాసేపట్లో మేటంతా ఉత్తరాన్ని చూస్తోంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒడ్డున కూర్చున్న నేను కూడా మెల్లగా నా కుర్చీ తిప్పుకున్నానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

ఎదురుగాలిలో అవి బయలుదేరవట. ఇది టికెట్ల ఆయన మాట. ఇంకొకరు చెప్పేదాకా నేను ఖాయం చేయను.

అన్నయ్య

*

గుట్ట మీద
రాడార్ స్టేషన్

అన్నయ్యా,

రోజూ నీ గొంతు వింటున్నాను, ఒక్క మాటే అయినా. "నిల్" అని పెట్టేస్తావు. అందులో దగ్గు ఉందా, విసుగుందా అని వెతుక్కుంటున్నాను. వదినను గొంతుకు ఏదైనా ఇమ్మను.

ఇక్కడి సంగతి దాచను. నన్ను ఫైళ్ల సెక్షన్‌కు మార్చే కాగితం టైపు అయిపోయి చూద్దాంగారి సొరుగులో ఉంది. ఆయన సంతకం చేయలేదు, చించలేదు. ఫైళ్ల సెక్షన్ వాళ్లు నాకు టేబుల్ కూడా చూపించారు. దానికి కిటికీ లేదు. రాడార్ గదికీ కిటికీ లేదనుకో, కానీ అక్కడ తెర ఉంది. ఆ తెర ఉన్నన్నాళ్లూ అది గది అని నాకెప్పుడూ అనిపించలేదు.

నిన్న సాయంత్రం నిజమైన మబ్బొకటి పడమటి అంచున కనబడింది. హెచ్చరిక రాయాల్సిన కలం పట్టుకుని, అది వానేనా అని నన్ను నేనే ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాను. చివరికి రాశాను, కురిసింది కూడా. కానీ ఇలా తటపటాయించే మనిషి ఆ కుర్చీలో ఉంటే ఒకరోజు మళ్లీ పడవ మునుగుతుంది. నా భయం ఫైళ్ల గురించి కాదు, దీని గురించే.

ఇంకా ఎన్ని ఉన్నాయి మేట మీద? అవి వెళ్లే రోజు నా డ్యూటీ ఉండేలా చూడమని అడగడం పిచ్చితనం. అయినా అడుగుతున్నాను. నువ్వు మాట్లాడతావుగా వాటితో.

పొట్టి

*

నది వంపు
మేడ మీది వాటా

పొట్టీ,

వెళ్లిపోయాయి. నేను ఫోన్ చేయలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నిన్న మధ్యాహ్నం గాలి దక్షిణం నుంచి మొదలైంది. మేట మీదివన్నీ దక్షిణానికి ముఖం పెట్టి నిలబడ్డాయి. నిన్న సెలవు కాబట్టి పడవలు నిండుగా తిరుగుతున్నాయి. పొద్దు వాలే ముందు ఒక పెద్ద బాతు, గాలి మారకుండానే, వెనక్కి తిరిగింది. ఈకలు పైకి లేచి చెదిరాయి. అయినా అలాగే నిలబడింది. దాని పక్కది తిరిగింది. కాసేపటికి మేట మేటంతా గాలికి వీపు పెట్టి ఉత్తరాన్ని చూస్తోంది. ఇన్ని రోజుల్లో అవి అలా నిలబడటం నేను చూడలేదు.

అప్పటిదాకా ఒకటే గోలగా ఉండేది. అది ఆగిపోయింది. అవతలి ఒడ్డున ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు కూడా వినబడింది. నేను లేచి టికెట్ గది వైపు బయలుదేరాను. ఫోన్ చేద్దామనే బయలుదేరాను. నాలుగడుగులు వేశానో లేదో వెనక మొదలైంది.

తడి దుప్పటిని ఇద్దరు పట్టుకుని దులిపితే వచ్చే చప్పుడు తెలుసుగా. అది ఒకసారి వచ్చి ఆగుతుంది. ఇది ఆగలేదు. మేట చివరి నుంచి మొదటి గుంపు లేచింది, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. ముందు నది మీద పల్చగా విచ్చుకుని, పెద్దగా చుట్టు తిరుగుతూ ఒడ్డు మీదికొచ్చాయి. నా తల మీదుగా వెళ్లాయి. మెడ చాచి, కాళ్లు వెనక్కి పెట్టి, ప్రతి ఒక్కటీ పక్కదానితో ఏదో అంటూ వెళ్లింది. నా ముఖం మీద చినుకులు పడ్డాయి. పైకి చూశాను. మబ్బు లేదు. అప్పుడే మేట అంచు నీళ్లలోంచి లేచిన వాటి కాళ్ల నీళ్లు అవి.

నడి నదిలో ఉన్న పడవలో మోటారు ఆపేశారు. పడవ నెమ్మదిగా దిగువకు జారుతోంది. అందులో అంతమంది ఉండి ఒక్కరూ అదేమిటని అడగలేదు. టికెట్ల ఆయన గదిలోంచి బయటికొచ్చి, చేతిలో ఎవరికో ఇవ్వాల్సిన చిల్లరతో అలాగే నిలబడ్డాడు. డ్యూటీ నుంచి ఇంటికి పోతున్న మీ వదిన ఎప్పుడు వచ్చి నా పక్కన నిలబడిందో నాకు తెలియదు. నా చెయ్యి పట్టుకుని ఉందని తర్వాత చూసుకున్నాను.

అంతా అయ్యాక మేట మీద ఇసక కనబడింది. నేను ఇక్కడికొచ్చాక మేటంతా ఒట్టి ఇసకగా చూడటం అదే మొదలు.

మీ వదిన, "ఫోన్ చేశారా?" అంది. అప్పటికి చీకటి పడింది. ముగ్గురం గదిలోకి పరిగెత్తాం. లైను దొరకలేదు. ఎంతసేపు ప్రయత్నించినా దొరకలేదు.

నువ్వు నీ కుర్చీని తెచ్చి నా చేతిలో పెట్టావు. నేను చేయాల్సింది ఒక్క మాట చెప్పడం. ఎంతటి గొడవలోనూ నిల్ తప్పనివాణ్ణి, జీవితంలో ఒక్కసారి నిజంగా చెప్పాల్సిన రోజున నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఏ సాకూ చెప్పను. ఈ ఉత్తరం మీ పై ఆఫీసుకు పంపు. అడుగున మీ వదినా టికెట్ల ఆయనా సంతకాలు చేశారు. నువ్వు నిన్న ఆ తెర ముందు ఏం చేశావో అన్న ఆలోచనతో తెల్లవార్లూ కూర్చున్నాను.

అక్కడేం జరిగిందో రాయి. ఏదైనా సరే, రాయి.

అన్నయ్య

*

గుట్ట మీద
రాడార్ స్టేషన్

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. నన్ను క్షమించమని రాసి ఉంటావు, అందుకని అది వచ్చేలోపే ఇది పోస్టులో వేస్తున్నాను. నీ పద్ధతిలోనే ముఖ్యమైన వార్త ముందు: నా కుర్చీ నాకే ఉంది. ఇక వివరాలు.

సాయంత్రం డ్యూటీ నాదే. చూద్దాంగారు ఇంటికి పోతూ పోతూ రాడార్ గదిలోకి తొంగి చూశారు. సరిగ్గా అప్పుడే నది వంపు దగ్గర చుక్క పుట్టింది. ఇద్దరం చూశాం. గీత తిరిగొచ్చేసరికి అది పెరిగింది. ఆయన భుజానికున్న సంచి కింద పెట్టారు. ఈసారి నేను పద్ధతి ప్రకారమే చేశాను. యాంటెన్నా పైకెత్తాను. పైన ఏమీ లేదు, మరక అంతా కిందనే ఉంది. వానైతే పైదాకా ఉంటుంది.

"అప్పుడే పుట్టిన మబ్బు కూడా కిందనే ఉంటుందమ్మా," అన్నారాయన. అది నిజం. "సెలవు రోజు, పడవలు నిండుగా ఉంటాయి. మీ అన్నగారు ఏమన్నారు?"

ఏమీ అనలేదు. నీ ఫోన్ వచ్చే వేళ దాటిపోయింది. మేమే టికెట్ గదికి చేశాం, మోగుతూనే ఉంది గానీ ఎవరూ ఎత్తలేదు. ఇద్దరం ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాం. తెర మీద మరక విచ్చుకుంటోంది. నాకు ఆ పడవ కళ్ల ముందు మెదిలింది. చెయ్యి రేవుల నంబరు మీదికి పోయింది కూడా. అక్కడ ఆగాను.

"సార్, మా అన్నయ్య ఫోన్ చేయలేదు. అంటే పక్షులు లేచాయి," అన్నాను.

"లేస్తే చేస్తానన్నారు కదా?"

"ఏమీ జరగకపోతే తప్పకుండా చేసేవాడు సార్. నిల్ చెప్పకుండా ఆయన ఒక్క రోజూ అన్నం తినలేదు."

"ఒంట్లో బాగా లేదేమో."

"బాగా లేకపోతే మా వదిన చేస్తుంది. వాన మబ్బే వచ్చి ఉంటే ముందు ఫోన్ చేసి నన్ను తిట్టేవాడు. ఆయన నోట మాట రానిది ఏదో ఇప్పుడు అక్కడ జరుగుతోంది సార్."

"ఫోన్ రాకపోవడం సాక్ష్యం అవుతుందా?"

"మా అన్నయ్య విషయంలో అవుతుంది."

ఆయన తెర వైపు తిరిగారు. 'చూద్దాం' అంటారేమో అనుకున్నాను. "డ్యూటీ నీది. సంతకం నీది," అన్నారు. అప్పుడు నేను 'వర్షం లేదు, పడవలు తిరగవచ్చు' అని రాసి సంతకం చేశాను. మబ్బు కాదని పూర్తిగా తెలిసి కాదు. అక్కడ ఒడ్డున నువ్వు నిలబడి ఉన్నావని తెలిసి.

రేవుల నుంచి వాన కబురు ఏదీ రాలేదు. వలయం తెర మధ్యకు, అంటే మా గుట్ట మీదికి, వస్తూ ఉంది. చూద్దాంగారు సంచి తీసుకోలేదు, ఇంటికీ పోలేదు. మరక తెర మధ్యలో మేమున్న చోటును తాకే వేళకు, "రామ్మా," అని బయటికి నడిచారు. ఆవరణలో దీపాలు ఆయనే ఆర్పేశారు.

ఏమీ కనబడలేదు అన్నయ్యా. ఆకాశంలో చుక్కలు మాత్రం ఉన్నాయి. ముందు దూరంగా, ఏదో ఇంట్లో పెద్ద కుటుంబం పంక్తిలో కూర్చుని ఒకేసారి మాట్లాడుకుంటున్నట్టు వినబడింది. ఆ మాటలు దగ్గరికొచ్చాయి. తర్వాత నెత్తి మీద ఉన్నాయి. ఒక చోట చుక్కలు ఆరి మళ్లీ వెలిగాయి, ఆ పక్కన ఇంకొన్ని. వాటి కిందుగా ఏం పోతోందో అలా తెలిసింది. ఇన్నేళ్లుగా ఈ గుట్ట మీద పని చేస్తున్నాం. ప్రతి వసంతం అవి మా తల మీదుగానే పోతూ ఉండి ఉంటాయి. మేం లోపల చీకటి గదిలో కూర్చుని వాటిని తుడిచేస్తూ ఉన్నాం.

చూద్దాంగారి ముఖం పైకెత్తి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒడ్డున నువ్వు ఎలా ఉండి ఉంటావో అప్పుడు చూశాను.

మాటలు ఉత్తరం వైపు పల్చబడుతుండగా లోపల ఫోన్ మోగింది. నువ్వే అనుకుని పరిగెత్తాను. నువ్వు కాదు. మాకు ఉత్తరాన ఉన్న స్టేషన్ నుంచి, డ్యూటీలో కొత్తగా చేరినతను. గొంతు కంగారుగా ఉంది.

"మేడమ్, మీ వైపు నుంచి పెద్ద వాన వస్తోంది. మా తెర దక్షిణపు అంచంతా నిండిపోయింది. రేవులు మూయించమంటారా?"

చూద్దాంగారు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. చెప్పమన్నట్టు తల ఊపారు.

"వద్దు," అన్నాను. "ముందు యాంటెన్నా పైకెత్తి చూడండి. తర్వాత దీపాలార్పి బయటికెళ్లి నిలబడండి."

"బయట నిలబడి ఏం చేయాలి మేడమ్?"

"ఏమీ చేయకండి. తల పైకెత్తి ఉంచండి."

"ఎంతసేపు?"

"అవి మిమ్మల్ని దాటేదాకా," అన్నాను.

పొట్టి